ఒకటి తర్వాత అయిదు

కుసైర్, 3 మార్చి 1998

స్క్రూడ్రైవర్ నోట్లో పెట్టుకుని పుట్టిన మా చెల్లెలి మొగుడు వగ్దీ బావకి, కుసైర్ నుంచి షాజలీ సలాం.

పార్సెల్ అందింది. బస్సు డ్రైవర్ బకరీ మా ఇంటి ముందు ఆపి హారన్ మోగిస్తే, నాకు రెండో పెళ్లి కుదిరిందేమోనని వీధంతా బయటికొచ్చింది. మా ఆవిడ రాయా ముందే వచ్చింది, చేతిలో గరిటెతో.

లోపల మూడూ క్షేమం. చేతిలో పట్టుకు ఆడుకునే ఆటపెట్టె, డిటెక్టివ్ పుస్తకం, నీళ్లలో చేతికి కట్టుకునే ఆ డైవింగ్ మిషను. ఎవడో ఇటలీ వాడు పాడైందని పారేస్తే నువ్వు బాగుచేశావటగా! మా డైవింగ్ సెంటర్‌లో దొరలంతా ఇలాంటివి కట్టుకుని దిగుతారు. నేను ఇరవై రెండేళ్లుగా వాళ్ల సిలిండర్లలో గాలి నింపడమే తప్ప చేతికి ఒక్కటీ కట్టుకోలేదు. మొన్న కట్టుకుని మా మేనేజర్ ముందు నాలుగుసార్లు చొక్కా చెయ్యి పైకి మడిచాను. చూడలేదు వెధవ.

ఒక్కటే ఇబ్బంది బావా, దీనికి నోరెక్కువ. అడుగున నా పాముచేప దగ్గర కాసేపు కూర్చుంటే చాలు, పీ పీ పీ అని గోల. పాముచేప అంటే, దిబ్బ అంచున ముప్పై ఆరు మీటర్ల కింద రాతి నెర్రెలో ఉంటుంది. నా నడుమంత లావు. ఎప్పుడూ నోరు తెరుస్తుంది, మూస్తుంది, ఒక్క మాట బయటికి రాదు. అందుకే దానికి వగ్దీ అని పేరు పెట్టాను. ఈ పీపీకి జడిసి అది లోపలికి పోతోంది. మిషన్ బకరీతో తిప్పి పంపిస్తున్నా. నోరు మూయించి పంపు. పెళ్లాం నోరు మూయించడం నీకు చేతకాలేదు, కనీసం దీన్నైనా.

పుస్తకం చదివేశాను. నీకు శ్రమ లేకుండా హంతకుడి పేరు మొదటి పేజీలోనే రాసి పంపుతున్నా.

నువ్వూ ఒకసారి దిగు బావా. ఆ కాలవ ఒడ్డున ఓడలు లెక్కపెట్టుకుంటూ ఎన్నాళ్లు బతుకుతావ్?

నీ నీటి గుర్రం
షాజలీ

*

పోర్ట్ సయీద్, 17 మార్చి 1998

బావగారికి నమస్కారాలతో వగ్దీ.

ఇక్కడ అందరం క్షేమం. ఇన్సాఫ్ మీ ఉత్తరం చదివించుకుని, "మా అన్నయ్య బుద్ధి మారదు" అంటూ మూడుసార్లు నవ్వింది. నోరు మూయించే మాట వచ్చినప్పుడు నవ్వలేదు.

మీరు మొదటి పేజీలో రాసిన పేరు చూసి పుస్తకమంతా ఆ వంటమనిషినే అనుమానిస్తూ చదివాను. చివరికి చూస్తే హంతకుడు డాక్టరు. రెండు రాత్రులు వృథా. మీరు రాసింది ఏదీ నమ్మకూడదని పదేళ్ల కిందటే తెలుసుకోవాల్సింది. "షాజలీ పోయాడు, వెంటనే రండి" అని టెలిగ్రామ్ ఇప్పించి, మేము దారంతా ఏడ్చుకుంటూ వస్తే పెరట్లో చేపలు కాలుస్తూ "పండక్కి పిలిస్తే రారు కదా" అన్న మనిషి మీరు. దానికి ఎప్పటికైనా బదులు తీర్చుకుంటాను.

మిషన్ విప్పాను. లోపల కూత పెట్టే బిళ్లకు వెళ్లే తీగ కత్తిరించాను. నాకు ఇష్టం లేదు, మీరడిగారు కాబట్టి చేశాను. ఇక అది అరవదు. అందుకని మీరే కళ్లు దాని మీద పెట్టుకోవాలి. మధ్యలో పెద్దగా కనిపించే అంకే ముఖ్యం. ఆ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉండొచ్చో అది చెబుతుంది. అది తగ్గుతూ వస్తుంది. అయిపోకముందే పైకి రండి. గాలి నింపే మీకు నేను చెప్పాలా? లోతులో గాలి రక్తంలో కరుగుతుంది, గడువు దాటాక తిన్నగా పైకొస్తే సోడా సీసా మూత తీసినట్టే.

మీ పాత చేతిగడియారం, పలక మీద రాసుకునే లెక్కలు ఇక అక్కర్లేదు. ఇది మీకన్నా నాకన్నా బాగా లెక్క కడుతుంది. నమ్మండి.

ఇంకో పుస్తకం పంపుతున్నాను. దయచేసి ఏమీ రాయకండి.

మీ
వగ్దీ

*

కుసైర్, 11 ఏప్రిల్ 1998

నోరు మూయించే విద్యలో ఆరితేరిన బావకి,

అద్భుతం! ఎంత బుద్ధిగా ఉందో ఇప్పుడు! చేతికుందన్న సంగతే తెలియదు. పాత గడియారం రాయాకి ఇచ్చేశాను, గుడ్లు ఉడకబెట్టడానికి వాడుకుంటోంది.

దాని మంచితనం ఏమని చెప్పను! ఇదివరకు గడియారం పదిహేను నిమిషాలు చూపిస్తే గుండె గుబగుబలాడి పైకొచ్చేవాణ్ణి. ఇది అలా కాదు. తగ్గుతూ తగ్గుతూ ఒకటికి వస్తుందా, సర్లే టైమైంది అని లేవబోతానా, "ఎక్కడికి పోతావు షాజలీ, కూర్చో" అన్నట్టు అయిదు ఇస్తుంది. ఆ అయిదు ఎంతకీ కరగదు. నీ పేరున్న పాముచేప నా చేతిలోంచి మొన్న చేపముక్క తీసుకుంది తెలుసా? ముప్పై ఏళ్ల స్నేహంలో నువ్వు నా దగ్గర ఒక సిగరెట్టు కూడా తీసుకోలేదు.

కానీ ఆటపెట్టె మాత్రం పాడైంది. కోతి గోడలు దూకే ఆట. దానికి కొన్ని ప్రాణాలిస్తారు, మూల అంకె వేసి చూపిస్తారు. చచ్చినప్పుడల్లా తగ్గుతాయి. ఒకటికి వచ్చాక ఇంకోసారి చస్తే ఇదీ అయిదు ఇస్తుంది. సంబరపడి దూకుతానా, కోతి మళ్లీ చస్తుంది, ఆట అయిపోయింది అంటుంది. అయిదు ప్రాణాలు కళ్లెదుట పెట్టుకుని అయిపోయిందేంటి? దొంగ మిషను. పంపిస్తున్నా, చూడు.

ఈమధ్య నీళ్లలోంచి వచ్చిన రోజు ఎడమ భుజం లాగుతోంది. పొట్ట మీద ఎర్రగా మచ్చలు, ఒకటే దురద. రాయా కొత్త సబ్బు మార్చింది. దాని తప్పే.

పుస్తకంలో ఏమీ రాయలేదు. ఒట్టు. నలభయ్యో పేజీలో తప్ప.

దయగల మిషను యజమాని
షాజలీ

*

పోర్ట్ సయీద్, 29 ఏప్రిల్ 1998

బావగారికి,

ఆటపెట్టె మొత్తం విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. ఒకటి తర్వాత అయిదు వచ్చే ఆట ప్రపంచంలో ఎక్కడా లేదు. మీరు నన్ను ఆటపట్టిస్తున్నారని తెలిసి కూడా ఒక సాయంత్రమంతా కోతితో గోడలు దూకించాను. మీకు కావలసింది అదేగా, నేను దుకాణంలో కూర్చుని కోతి ఆట ఆడటం. ఆడాను. దుకాణానికి వచ్చినవాళ్లు చూసి నవ్వారు. తృప్తేనా?

డైవింగ్ మిషను మంచితనం గురించి మీరు రాసింది కూడా ఆ కోవలోదేనని ఇన్సాఫ్‌తో అన్నాను. లోతు తక్కువ నీళ్లకు వచ్చాక నిమిషాలు పెరగడం మామూలే. అదే మీరు చిలవలు పలవలు చేసి రాశారని అనుకుంటున్నాను.

భుజానికి ఒక లేపనం పంపుతున్నాను, మా పక్క దుకాణం ముసలాయన దాన్ని మోకాళ్లకు వాడతాడు. తలగడ మార్చండి. దురద తగ్గకపోతే సబ్బు కూడా.

పుస్తకం నలభయ్యో పేజీ చూశాను. నా బొమ్మకు మీసాలు అక్కర్లేదు.

మీ
వగ్దీ

*

కుసైర్, 23 మే 1998

తలగడల నిపుణుడు వగ్దీ బావకి,

అక్షరాలు పురుగుల్లా ఉన్నాయని విసుక్కోకు. కుడిచేతి రెండు వేళ్లకి తిమ్మిరి, పెన్ను పట్టినట్టే తెలియడం లేదు. ఉదయం టీ గ్లాసు జారి పడింది. "నీకు దిష్టి తగిలింది" అని రాయా ధూపం వేసి ఇల్లంతా పొగ చేసింది. ఆ పొగలో దగ్గుతూ రాస్తున్నా.

మా సెంటర్‌లో వంట చేసే మబ్రూక్ లేడూ, వాడు నా నడక చూసి "ఏంటి మావా, నేల కింద అలలున్నాయా?" అన్నాడు. నా వయసుకొచ్చాక నువ్వు పడుకునే నడుస్తావులే అన్నాను. వాడు నవ్వలేదు. ఈ మధ్య నా జోకులకి ఎవరూ నవ్వడం లేదు. మా సెంటర్‌లో రుచి పోయింది.

మిషను కొత్త వయ్యారాలు నేర్చింది. అయిదు ఇచ్చి ఊరుకోవడం లేదు, పక్కన పైకి చూసే బాణం ఒకటి ఆరుతూ వెలుగుతూ కన్నుకొడుతోంది. పడుచుపిల్లలా. నీళ్ల అడుగున ఈ వయసులో ఎవరు కన్నుకొడతారు బావా? మురిసిపోతున్నా.

నేను ఆటపట్టిస్తున్నానని రాశావు. ఈసారి పట్టించడం లేదు. ఆటపెట్టె మళ్లీ పంపిస్తున్నా, నువ్వే చచ్చేదాకా ఆడి చూడు. ఒకటి తర్వాత అయిదే. నా తల్లి మీద ఒట్టు.

వచ్చే నెల అయిదో తారీఖు శుక్రవారం పెద్ద పని ఉంది. జర్మనీ నుంచి ఒక ఫోటోలాయన వచ్చాడు. నా పాముచేప నోరు తెరిచినప్పుడు లోపల చిన్న రొయ్యలు పళ్లు తోముతాయట, అది ఆయనకి కావాలి. లైటు నేను పట్టుకోవాలి. పొద్దున ఒకసారి, నమాజు అయ్యాక ఒకసారి. రెండుసార్లూ ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉంటానన్నాను. చేతికి ఇంత దయగల మిషనుండగా దిగులెందుకు?

ఫోటో అచ్చయితే కింద రాయిస్తా: వగ్దీ పళ్లు తోముకొనుట.

షాజలీ

*

పోర్ట్ సయీద్, 3 జూన్ 1998

షాజలీ బావా,

ఇది జోకు కాదు. నిలబడి ఉంటే కూర్చుని చదువు. నీళ్లలోకి దిగబోతుంటే ఆగు.

నిన్న నీ ఆటపెట్టె వచ్చింది. అన్నం తిన్నాక నేను కోతి ఆట ఆడుతున్నా, ఇన్సాఫ్ పక్కన కూర్చుని ములూఖియా ఆకు తరుగుతోంది. కోతి చచ్చింది, చచ్చింది, మూలన ఒకటి మిగిలింది. మళ్లీ చచ్చింది. ఇక అయిపోయిందని పెట్టె పక్కన పెట్టేశాను. మీ చెల్లెలు తొంగిచూసి ఏమందో తెలుసా? "ఇంకా అయిదున్నాయిగా, ఆపేశావేం?"

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. "ఎక్కడ అయిదు?" అన్నాను. వేలు పెట్టి చూపించింది. "ఇదిగో, గుండ్రంగా."

బావా, అది అయిదు కాదు. మన అరబ్బీ అంకెల్లో గుండ్రం గీస్తే అయిదు, చుక్క పెడితే సున్న. నిజమే. కానీ ఈ మిషన్లు దొరలవి. వాళ్ల అంకెల్లో గుండ్రమే సున్న. మధ్యలో వాళ్ల అంకెలు నువ్వు ఊహించుకున్నా, ఒకటి మాత్రం ఇద్దరికీ ఒకేలా ఉంటుంది, అందుకే దాన్ని సరిగ్గా చదివావు. దుకాణంలో పొద్దస్తమానం దొరల వస్తువులు విప్పే నాకు రెండూ కలిసిపోయాయి. నువ్వూ ఇన్సాఫూ నాలుగో తరగతిలో ఒకే రోజు బడి మానేశారని నాకు తెలుసు. తెలిసి కూడా తట్టలేదు. ఒకటి తర్వాత అయిదని నువ్వు రెండుసార్లు రాశావు. రెండుసార్లూ నవ్వాను.

నీ చేతి మిషను అయిదు నిమిషాలు ఇవ్వడం లేదు. ఏమీ మిగల్లేదని చెబుతోంది. ఆ బాణం కన్నుకొట్టడం లేదు, గడువు దాటావు, దారిలో ఆగుతూ మెల్లగా పైకి రమ్మంటోంది. అరిచి చెప్పేది కూడా. దాని గొంతు నేనే కోశాను.

నీ భుజం తలగడ వల్ల కాదు. వేళ్లు దిష్టి వల్ల కాదు. నీకు తెలుసు అది ఏమిటో, కాళ్లు పడిపోయినవాళ్లని మీ ఊళ్లో నువ్వే నాకు చూపించావు.

పొద్దున్నే టెలిగ్రామ్ ఇచ్చాను. మీ సెంటర్‌కి ఫోన్ చేశాను. "మా పోర్ట్ సయీద్ బావ ఫోన్ చేస్తే నేను పోయానని చెప్పు అని చెప్పి ఉంచాడు" అంటూ ఫోన్ ఎత్తిన అమ్మాయి పకపకా నవ్వింది. నిజంగా చెప్పు తల్లీ అంటే ఇంకా నవ్వింది.

ఈ రోజు బకరీ బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదు. ఈ ఉత్తరం వాడి చేతికిస్తున్నా. రేపటి బస్సుకి నేను బయల్దేరి శుక్రవారం మధ్యాహ్నానికి చేరతాను. అప్పటిదాకా దిగకు. నన్ను నమ్మకపోతే అక్కడ ఎవర్నైనా అడుగు, గుండ్రం అంటే ఎంత అని. ఒక్కరిని అడుగు చాలు. నీ కాళ్లు పట్టుకుంటాను.

వగ్దీ

*

కుసైర్, 5 జూన్ 1998, శుక్రవారం

నా ప్రియమైన, పదేళ్లు ఆలోచించి ఆలోచించి చివరికి పథకం వేసిన బావా,

శభాష్! ఎంత బాగా అల్లావు! టెలిగ్రామ్, దాని వెనక ఫోను, దాని వెనక ఉత్తరం. పైగా "నువ్వు" అని రాశావు, భయంతో మర్యాద మర్చిపోయినవాడిలా. ఆ ఒక్క మాటకి నేను ముప్పావు వంతు పడిపోయాను. నిజం చెబుతున్నా, నిన్న సాయంత్రం మబ్రూక్ దగ్గరికి అడగడానికి వెళ్లాను కూడా.

వెళ్లి వాడి ముందు నిలబడ్డాక తెలిసింది నీ ఎత్తు. ఇరవై రెండేళ్లుగా దొరల సిలిండర్లు నింపేవాడు, కుర్రాళ్లకి ఈత నేర్పినవాడు, యాభై ఏళ్లు మీద పడుతుంటే వంటవాడి దగ్గరికెళ్లి "ఒరే, సున్న ఎలా ఉంటుంది?" అని అడగాలి. సెంటరంతా ఏడాదిపాటు నవ్వుకోవాలి. చేపలు కాల్చిన పెరటికి ఇదా బదులు? నవ్వి, కాస్త ఉప్పు ఇమ్మని అడిగి వచ్చేశాను.

టెలిగ్రామ్ గోడకి అంటించాను, రాయా ధూపం పళ్లెం పైన. ఈ ఉత్తరం టేబుల్ మీద పెట్టి వెళ్తున్నా, నిజంగా వస్తే నువ్వే చదువుకో. వస్తావనే నమ్మకం. ఈసారి రప్పించింది నేను కాదు, నీ ప్రయాణం నువ్వే పెట్టుకున్నావు, గుర్తుంచుకో. చేపలకి మసాలా పట్టించి ఉంచమన్నాను. బొగ్గులు రాజేసి ఉంచు.

పొద్దున ఒకసారి దిగి వచ్చాను, నీ పేరుగలవాడు నోరు తెరవనంటున్నాడు. నమాజు అయింది. మళ్లీ దిగుతున్నాం. మెట్లు దిగుతుంటే మోకాళ్లు కొంచెం నావి కానట్టున్నాయి. మసీదులో ఎక్కువసేపు కూర్చున్నాను కదా.

షాజలీ

*

ఆసుపత్రి, 12 జూలై 1998

వగ్దీ బావకి,

నువ్వు దుకాణం తెరవడానికి వెళ్లిపోయి వారమైంది. నెలరోజులు నా పక్కన కూర్చుని నువ్వు ఒక్కమాటా అడగలేదు. నోరు తెరిచేవాడివి, మూసేవాడివి. అచ్చం అదే. అందుకని నువ్వు అడగనిది రాస్తున్నా. చెప్పేటప్పుడు నీ మొహం చూడలేను.

ఫోటోలాయన ఇక చాలన్నట్టు తన మిషను చూపించి, బొటనవేలు పైకెత్తాడు. నీళ్లలో దానర్థం పైకి పోదాం అని. నా మిషను చూశాను. ఒకటి. చూస్తుండగానే గుండ్రం వచ్చింది. నీ ఉత్తరం గుర్తొచ్చింది. అబద్ధమెందుకు, ఒక్క క్షణం నమ్మాను. సరిగ్గా అప్పుడే పాముచేప నోరు తెరిచింది. ఇంత గుండ్రంగా. దాన్ని చూశాను, మిషన్ని చూశాను. నవ్వొచ్చింది. ఇప్పుడు పైకి పోతే వగ్దీ చేతిలో ఓడిపోయినట్టే కదా అనుకున్నా. ఫోటోలాయనకి అయిదు వేళ్లూ చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

నేను కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. గడియారం రాయా దగ్గరుందిగా.

పడవ నిచ్చెన దగ్గర కాళ్లకి తొడుక్కున్న ఈత రెక్కలు విప్పబోతే కాళ్లు లేవు. చూస్తే ఉన్నాయి, కానీ లేవు. మబ్రూక్ చంకల కింద చేతులేసి లాగాడు. "మావా, జోకు చెయ్యకు" అన్నాడు. వాడు కూడా.

ఒక సంగతి విను. తీగ కోసింది నువ్వు, కోయమన్నది నేను. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నావని ఇన్సాఫ్ రాయించింది. మానెయ్. అడిగే నోరున్నవాణ్ణి, ఒక్కమాట అడగలేకపోయాను. ఆ నోటి తీగ ఎవరూ కోయలేదు.

ఇనప గదిలో కూర్చోబెట్టి గాలి ఎక్కిస్తున్నారు, రోజూ. ఇన్నాళ్లూ నేను సిలిండర్లు నింపాను, ఇప్పుడు నన్ను నింపుతున్నారు. డాక్టరమ్మ దొరసాని. మన మాట రాదు, ఆమె మాట నాకు రాదు. పొద్దున దుప్పటి తీసి, ఎడమ కాలి వేళ్లు ఒక్కొక్కటీ గిల్లి, ఎన్ని తెలుస్తున్నాయో రాయమని సైగ చేసి కాగితం ఇచ్చింది. గుండ్రం గీశాను. ఆమె మొహం చిన్నబోయింది. నా చెయ్యి నిమిరి, తన పుస్తకంలో అదే గుండ్రం రాసుకుంది.

రాయా పరుగెత్తుకెళ్లి అరబ్బీ వచ్చిన నర్సుని పట్టుకొచ్చేదాకా ఆమెకి విషయం తెలియలేదు. తెలిశాక మంచం పట్టుకుని నవ్వింది. ఎన్నాళ్లకో నా జోకుకి ఒకరు నవ్వారు బావా. నేను జోకు చెయ్యకుండానే.

నేను రాసింది నమ్మవని తెలుసు. అందుకే అంకెల్లో రాసి పంపిస్తున్నా. దొరల లెక్కలో కాదు, మన లెక్కలో చదువుకో. ఇన్సాఫ్‌కి చూపించు, అది సరిగ్గా చదువుతుంది.

ఎడమ కాలు, గుండ్రం.

కుడి కాలు, చుక్క.

లావుపాటి పుస్తకాలు పంపు. నేనిక మొదటి పేజీలో ఏమీ రాయను.

షాజలీ